పాత కారు ఇంజనును ఇంటివద్ద దించుట

అంబాసిడరు కారు మన రోడ్లపై అర్ధ శతాబ్దమునకు పైగా తిరిగినది. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని 1950ల చివర ఇది వెలువడినది. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున దీని తయారీ 2014లో నిలిచిపోయినది. తండ్రిగారి కారని, తాతగారి కారని దీనిని మక్కువతో నిలుపుకొన్న కుటుంబములు నేటికిని కలవు. అట్టి ఇండ్లలో ఇంజనును స్వయముగా దించి బాగుచేయవలెనను ముచ్చట పుట్టుట సహజము. బోల్టులు విప్పుట ఓర్పు గలవారికి కష్టము కాదు. ఆ బరువును పైకెత్తి క్షేమముగా నేలకు చేర్చుటయే కష్టము.

చాలకాలము ఈ కారులో వచ్చిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను సుమారు ఒకటిన్నర క్వింటాలు తూగును. అనగా మూడు సిమెంటు బస్తాల బరువు. బస్తాకు పట్టు దొరకును, ఇంజనుకు దొరకదు. అది నూనెతో జారును, ఒక వైపునకు మొగ్గును. నలుగురు కలిసి చేతులతో ఎత్తుదమనుకొనుట ప్రమాదమునకు మొదటి మెట్టు. కాబట్టి పని పొడుగునను రెండు ప్రశ్నలు వేసికొనుచుండవలెను. ఇప్పుడు ఈ బరువును మోయుచున్నది ఏది? అది తప్పినచో మోయునది ఏది? రెండవ ప్రశ్నకు జవాబు లేనిచోట చేయి ఆపవలెను.

మొదట స్థలము. చదునైన సిమెంటు నేల కావలెను. చేతి బ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల చెక్క అడ్డులు పెట్టవలెను. కారు క్రింద పనియున్నప్పుడు జాకీని నమ్మరాదు. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. దానిలోని నూనె బిరడా జారినచో క్షణములో కారు క్రిందికి వచ్చును. ఎత్తిన కారును ఇనుప స్టాండ్లపై ఆనించి, ఒకమారు కదిపి చూచిన పిదపనే క్రిందికి పోవలెను. ఇటుకల దొంతర పనికిరాదు. ఇటుక ముందుగా చెప్పక పగులును. క్రింది పని ముగియగానే కారును మరల చక్రములపై దించవలెను.

పిమ్మట బ్యాటరీ. రెండు తీగలలో ఏది కారు శరీరమునకు బిగింపబడి యున్నదో దానిని మొదట విప్పవలెను. రెండవ తీగను ముందుగా విప్పబోయినప్పుడు పానా పొరపాటున కారు రేకును తాకినచో, బ్యాటరీ శక్తియంతయు ఆ పానాగుండ పారి నిప్పులు చెరుగును. శరీరపు తీగ ముందే ఊడియున్నచో ఆ మార్గము పూర్తికాదు. పాత ఆంగ్ల నమూనా కార్లలో ధన ధ్రువమును శరీరమునకు కలుపు పద్ధతి యుండెడిది. అందుచేత గుర్తును బట్టి కాక, తీగ ఎచటికి పోవుచున్నదో చూచి నిర్ణయింపవలెను. ఉంగరము, గడియారము ముందే తీసివేయవలెను. లుంగీ, ఉత్తరీయము ఈ పనికి తగిన దుస్తులు కావు.

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది నేలబారున ప్రాకి, దూరముననున్న పొయ్యి నిప్పును సైతము అందుకొనును. పెట్రోలును ఆరుబయట మూతగల ఇనుప డబ్బాలోనికి తీసి, ఇంజనుకు వచ్చు గొట్టపు నోరు మూయవలెను. దగ్గర పొడి మందుగల అగ్నిమాపకము ఉండవలెను. పెట్రోలు మంటపై నీరు చల్లరాదు; పెట్రోలు నీటిపై తేలుచు మంటను వెంటగొనిపోవును. రేడియేటరు మూతను వేడిమీద తెరువరాదు. లోపలి నీరు ఒత్తిడితో ముఖముపైకి చిమ్మును. తీసిన పాత నూనెను కాలువలో పోయక, దానిని సేకరించువారికి అప్పగింపవలెను.

తరువాత పని నిదానమైనది. బానెట్టు కీలుల స్థానమును సుద్దతో గీసికొని, ఇద్దరు కలిసి దానిని తీయవలెను. రేడియేటరును, పొగగొట్టపు బిగింపును, కార్బురేటరు తీగలను వరుసగా విప్పవలెను. ప్రతి తీగకు ఒక చీటీ కట్టి, ఒక్కొక్క భాగపు బోల్టులను ఒక్కొక్క డబ్బాలో వేసినచో తిరిగి బిగించునాడు తడుముకొన నక్కరలేదు.

ఇక ఎత్తుట. ఇంటి దూలము, స్లాబులోని ఫ్యాను కొక్కెము, పెరటి మామిడికొమ్మ – ఈ మూటికిని గొలుసు కప్పీ తగిలింపరాదు. ఫ్యానుకై పెట్టిన కొక్కెము ఇంజనును మోయుటకు పెట్టినది కాదు. చక్రములుగల క్రేనును అద్దెకు తెచ్చుకొనుట మేలు. దాని చేయి పొడిగించిన కొలది మోయగల బరువు తగ్గును. ఆ లెక్క చేతిపైననే గుర్తింపబడి యుండును. ఇంజనుకు రెండు పాయలుగా గొలుసు కట్టునప్పుడు కోణము ముఖ్యము. పాయల నడుమ కోణము 60 డిగ్రీలైనచో ఒక్కొక్క పాయపై మొత్తము బరువులో సుమారు 58 పాళ్లు పడును. అదే కోణము 120 డిగ్రీలైనచో ఒక్కొక్క పాయ బరువునంతను మోయవలసి వచ్చును. కనుక గొలుసును కురచగా, వెడల్పుగా కట్టరాదు.

గొలుసు బిగిసి బరువును అందుకొన్న తరువాతనే ఇంజను దిమ్మెల బోల్టులు తీయవలెను. గేరుపెట్టెను కారులోనే ఉంచదలచినచో దాని ముందుభాగమును క్రిందనుండి జాకీతో ఆనింపవలెను. పిమ్మట ఇంజనును తిన్నగా ముందుకు లాగవలెను. గేరుపెట్టె ఇరుసు క్లచ్చునుండి పూర్తిగా వెలువడువరకు పైకెత్తినచో ఆ ఇరుసు వంగును. విడివడిన పిదప రెండంగుళములు ఎత్తి, ఆగి, ఏ తీగయైనను మిగిలినదేమో, గొలుసు జారుచున్నదేమో చూడవలెను. కప్పీ నడుపువాడు ఒకడు, చూచి చెప్పువాడు ఒకడు. ఆజ్ఞ ఒకరిదే కావలెను. వ్రేలాడు ఇంజను క్రింద చేయిగాని, కాలుగాని ఉండరాదు. పిల్లలను ఆ ఆవరణలోనికి రానీయకూడదు. అది పడబోయినచో పట్టుకొనుటకు ముందుకు దూకరాదు, ప్రక్కకు తప్పుకొనవలెను. ఇంజను కారు దాటగానే వెంటనే చెక్క దిమ్మెలపైకి దించవలెను. భోజనమునకై గాలిలో వదలి పోరాదు.

తగిన క్రేను దొరకనినాడు, తోడు మనిషి రానినాడు బోల్టులు విప్పినంతవరకు విప్పి, ఆ బరువెత్తు పనిని అనుభవము గల మెకానిక్కుకు వదలుట చిన్నతనము కాదు. పగిలిన ఇంజను దిమ్మెకు బదులు పాత సామాను బజారులో మరియొకటి వెదకవచ్చును. దాని క్రింద నలిగిన చేతికి బదులు వెదకుటకు బజారు లేదు.