నోట నిలిస్తేనే పాట
కొత్తగా పాటలు కట్టేవారికి కొన్ని సూచనలు

పి.గన్నవరం : సంక్రాంతికో, శ్రీరామనవమికో, ఊరి తీర్థానికో కొత్త పాట కట్టాలని ఉబలాటపడే కుర్రకారుకు కోనసీమలో కొదవ లేదు. అయితే పందిరి విప్పేసరికే చాలా పాటలు మరుపున పడుతున్నాయి. ఎందుచేత?

పాట కట్టడమెలాగో చెప్పే శాస్త్రం తెలుగువారికి కొత్త కాదు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408-1503) సంస్కృతంలో 'సంకీర్తన లక్షణం' రాస్తే, మనుమడు చిన తిరుమలాచార్యులు దానిని తెలుగు చేశారు. ఔత్సాహికులు ముందుగా గమనించవలసిన సంగతులు ఇవి.

పల్లవే ప్రాణం

ప్రతి చరణం తర్వాత జనం అందుకునేది పల్లవినే. అది ఒక్క ఊపిరిలో పాడేటంత చిన్నదిగా ఉండాలి. పాటలోని అసలు విషయం అందులోనే తెలియాలి. ఈ రెండు పాదాలు చూడండి.

గట్టు మీద దీపమెట్టు
చెట్టు దాక నీరు వచ్చె

ప్రతి దెబ్బకూ మూడు మాత్రలు. పాదానికి నాలుగు దెబ్బలు. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ఒక్కటే కాబట్టి ప్రాస కుదిరింది. వరద అన్న మాట లేకుండానే వరద వచ్చింది. చప్పట్లు కొడుతూ చదివితే లెక్క ఎక్కడ తప్పిందో చెవే చెబుతుంది.

వరస ఎరువు తేవచ్చు

తొలిరోజుల్లో తెలిసిన వరసకు మాటలు కూర్చుకోవడం మేలు. తెల్లదొరతనం వద్దంటూ గరిమెళ్ళ సత్యనారాయణ కట్టిన పాట ఊరూరా మారుమోగింది. 1922లో ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న ఆ ధోరణిలోనే నల్లదొరతనమూ వద్దంటూ, అంటరానితనం అనుభవించినవారి గొంతుతో పాట కట్టారు. ధోరణి ఎరువు తెచ్చుకున్నా, చెప్పిన బాధ సొంతం. అందుకే రెండూ నిలిచాయి.

ఇంట్లోనే ఉంది విషయం

కొబ్బరాకులు, గోదారి గలగలలు అందరూ రాస్తారు. 1986 గోదావరి వరదలో లంకలవారు ఏం మోసుకుని గట్టెక్కారు? 1996 నవంబరు తుపాను రాత్రి మీ ఇంట్లో ఎవరు మేలుకున్నారు? 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు కూలి ఇంట పొయ్యి ఎలా వెలిగింది? పెద్దలను అడగండి. వారు చెప్పే మాటలోనే పల్లవి దొరుకుతుంది. 1911లో మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న పాలేరు బతుకునే నాటకంగా మలచి పేరు తెచ్చుకున్నారు.

ఊడ్పుల్లో, దంపుళ్ళలో పాడిన ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వారి వరసలన్నీ రాతకెక్కలేదు. మామ్మ దగ్గర కూర్చుని ఒక్క పాటైనా నేర్చుకోండి. మీకు వరస దక్కుతుంది, ఊరికి పాట మిగులుతుంది.

ఇదే పరీక్ష

పాట పూర్తయ్యాక కాగితం ఎవరికీ ఇవ్వకండి. చదువురాని వారికి రెండుసార్లు పాడి వినిపించండి. మర్నాడు వారిచేత పాడించుకోండి. వారు తడబడినచోట మాట మార్చండి. వదిలేసిన చరణం తీసెయ్యండి. వారు మీకు తెలియకుండానే ఒక మాట మార్చి పాడితే కోపగించుకోకండి. చాలాసార్లు ఆ మాటే బాగుంటుంది. పాట మీ చేతిలోంచి ఊరి నోటికి చేరిందనడానికి అదే గుర్తు.