కాళ్ళ వాపేలే అని వదిలేయకండి

ఈసారి మార్కుల గురించి కాదు, అమ్మ ఆరోగ్యం గురించి. మా క్లాసులో చాలామంది పిల్లల ఇళ్ళలో తమ్ముడో చెల్లో రాబోతున్నారు, లేదా పిన్ని పురిటికి వచ్చి ఉంది.

నెలలు నిండేకొద్దీ కాళ్ళకు నీరు పట్టడం మామూలేనని పెద్దవాళ్ళు అంటారు. చాలాసార్లు నిజమే. సాయంత్రం ఉబ్బిన పాదాలు రాత్రి పడుకుని లేచేసరికి తగ్గిపోతాయి. కానీ పొద్దున్నే ముఖం ఉబ్బి, ఉంగరం వేలికి బిగిసిపోతే ఆలోచించాలి. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి కూడా ఉంటే మర్నాటిదాకా ఆగవద్దు. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరితే అది ప్రీఎక్లాంప్సియా కావచ్చు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అనేది దాన్నే. అది గాలి సోకడం కాదు, తాయెత్తుతో తగ్గదు. ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ ఇస్తారు.

ఒక్కోసారి ఏ బాధా లేకుండానే బీపీ పెరుగుతుంది. అందుకే బాగానే ఉన్నా చెకప్ మానకూడదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మొదటి కాన్పులో బీపీ వచ్చినవాళ్ళు రెండోసారి మూడో నెలలోపే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

కాన్పయ్యాక కూడా ఆరు వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. బాలింతకు తలనొప్పి వస్తే చలువ చేసిందని శొంఠి రాసి ఊరుకోకండి. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి ఏవి కనిపించినా వెంటనే బయలుదేరాలి.

మన కోనసీమలో బయలుదేరడమే పెద్ద పని. గోదావరికి వరదొస్తే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, ఇక పడవే దిక్కు. లంక ఊళ్ళవాళ్ళు నెలలు నిండుతుంటే వరద కబురు వినగానే గట్టు ఇవతల బంధువుల ఇంటికి చేరడం మేలు. మాతాశిశు సంరక్షణ కార్డు ఎప్పుడూ చేతిలో ఉండాలి.

ఇంగ్లీషు పీరియడ్‌లో పిల్లలచేత 108కి ఫోన్ చేస్తున్నట్టు మాట్లాడిస్తున్నాను. ఒకడు ఇల్లు ఎక్కడంటే "రావిచెట్టు దగ్గర" అన్నాడు. ఏ ఊరి రావిచెట్టురా అంటే నవ్వేశాడు. ఊరు, మండలం, దగ్గరి గుర్తు చెప్పడం ఇంట్లో మీరూ ఒకసారి చెప్పించి చూడండి.