రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారు?

మా సంఘంలో ఒక సహోదరి ఆదివారం ఆరాధనకు రాత్రి డ్యూటీ ముగించుకొని నేరుగా వచ్చేది. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వాక్యం మొదలైన పది నిమిషాలకే తల వాలిపోయేది. ఒక ఆదివారం నేను వేదిక మీద నుండే, పేరు చెప్పకుండా, వాక్యం వేళ నిద్రపోయేవారి గురించి ఒక మాట అన్నాను. ఆరాధన అయ్యాక ఆమె దగ్గరికొచ్చి, "క్షమించండి అయ్యగారూ, రాత్రి ముప్పై మందికి నేనొక్కదాన్నే ఉన్నాను" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె కూర్చున్న వరుస వైపు చూసి మాట్లాడటానికి నాకు చాలా వారాలు పట్టింది.

ముప్పై మందికి ఒక్కరు ఎలా అవుతారు? నర్సుల యూనియన్లు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్న ఇదే. పత్రికల్లో మాత్రం అది జీతాల గొడవగానే కనిపిస్తుంది. మనలో చాలామందికీ అలాగే గుర్తుంటుంది. కాబట్టి ముందు లెక్క చూద్దాం.

భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం జనరల్ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. వినడానికి బాగానే ఉంది. అయితే ఇది రిజిస్టరులో ఉండే పేర్ల లెక్క. నర్సు ఇరవై నాలుగు గంటలూ వార్డులో ఉండదు గదా. ముప్పై పడకల వార్డుకు ఐదుగురికొకరు చొప్పున ఆరుగురు. మూడు షిఫ్టులకు పంచితే పూటకు ఇద్దరు, అంటే ఒక్కొక్కరికి పదిహేను మంది. సెలవుల కోసం మరో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలని కూడా ఆ ప్రమాణంలోనే ఉంది. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట పోయేది ఆ అదనమే. ఇక ఒకరికి జ్వరం వచ్చి, మరొకరిని ఐసీయూకు పంపితే మిగిలేది నలుగురు. వారిలో పగటి డ్యూటీలకు పోగా రాత్రికి ఒక్కరే. ఎవరూ నిబంధన మీరినట్టు కనిపించదు. కాగితం మీద ఆరుగురూ ఉంటారు.

నర్సులు ఎక్కువగా స్త్రీలే. 2017 సవరణ తరువాత చట్టం 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తోంది. అది న్యాయమే. కానీ ఆ స్థానంలో మరొకరిని పెట్టకపోతే ఒక తల్లికి దొరికిన విశ్రాంతి మిగతా సహోద్యోగుల మీద భారంగా పడుతుంది.

ఒక్కో రోగి దగ్గర పది నిమిషాలే అనుకోండి. బీపీ, జ్వరం చూడటం, సెలైన్ మార్చడం, ఇంజెక్షన్, కేస్ షీట్ రాయడం. ముప్పై మందిని ఒక చుట్టు చూసేసరికి ఐదు గంటలు. ఆ మధ్యలో మీరు బెల్లు నొక్కుతారు. ఆమె రాలేదు. మీరు కోప్పడతారు.

మరి మనుషులు ఎందుకు తక్కువ? నర్సింగ్ చదివినవారు లేక కాదు. మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామే మన నర్సులను జర్మనీ, జపాన్‌లకు పంపుతోంది. నిలబడలేకనే వెళుతున్నారు. సుప్రీంకోర్టు ఆదేశం మీద ఏర్పడిన కమిటీ 2016లో ప్రైవేటు నర్సుల జీతాలపై సిఫార్సులు చేసింది. 200 పడకలకు మించిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 50 పడకల లోపు చోట కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. కానీ అవి రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలు మాత్రమే. చైతన్యపురి నుండి ఎల్.బి.నగర్ దాకా సందుసందుకూ ఉన్న చిన్న నర్సింగ్ హోముల్లో మన పిల్లలకు ఎంత ఇస్తున్నారో మీ సంఘంలోని వారినే అడగండి. జీతం చాలక ఒకరు మానేస్తే, ఆ ఖాళీ మిగిలినవారి మీద పడుతుంది. అది మోయలేక మరొకరు మానేస్తారు. అందుకే జీతం కోరికనూ మనుషుల కోరికనూ విడదీయలేం.

కోవిడ్ మొదటి సంవత్సరంలో మన ప్రాంతపు రోగులను కూడా తీసుకువెళ్లింది గాంధీ ఆసుపత్రికే. 2020 జూలైలో అక్కడి అవుట్‌సోర్సింగ్ నర్సులు విధులు ఆపి బయటికి వచ్చారు. నెలకు 17,500 రూపాయలతో పనిచేస్తున్నవారు. ప్రభుత్వం దానిని 25,000కు పెంచింది. సంవత్సరం తిరగగానే, 2021 జూలైలో, రాష్ట్రవ్యాప్తంగా 1,600 మందికి పైగా అవుట్‌సోర్సింగ్ నర్సులను తీసివేశారు. అవసరం తీరాక ఇంటికి పంపడం ఏజెన్సీ పద్ధతిలో చాలా సులువు. 2024 జనవరిలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇవ్వడం మంచి పని, దానిని ఒప్పుకోవాలి. అయినా ప్రైవేటు వార్డులకు దానివల్ల ఒరిగింది లేదు.

ఆశా కార్యకర్తల సంగతి ఇంకా విచిత్రం. పట్టణాల్లో వెయ్యి నుండి రెండున్నర వేల జనాభాకు ఒకరు. గర్భిణుల జాబితా, టీకాలు, క్షయ రోగుల మందులు అన్నీ వారివే. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని సత్కరించింది. కానీ లెక్క ప్రకారం వారు ఉద్యోగులు కారు, ప్రోత్సాహకం తీసుకునే స్వచ్ఛంద సేవకులు. ఉద్యోగమే కానప్పుడు ఖాళీ ఎక్కడ కనిపిస్తుంది? 2023 సెప్టెంబరు చివర సీఐటీయూ అనుబంధ యూనియన్ పిలుపుతో వారు సమ్మెకు దిగి, నెలకు 18,000 రూపాయల స్థిర వేతనం అడిగారు. "సేవ చేసేవారికి సమ్మె ఎందుకు?" అని అప్పుడు మన విశ్వాసులే కొందరు నన్నడిగారు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని ఒక వర్గం సణిగింది. అపొస్తలులు వారిని గద్దించలేదు, సహించమని బోధించలేదు. పనికి మనుషులు చాలడం లేదని గ్రహించి ఏడుగురిని ఏర్పరచారు. సంఘ చరిత్రలో సిబ్బంది కొరత మీద వచ్చిన మొదటి ఫిర్యాదు అదే అని నేను మా యువకులతో అంటుంటాను.

దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లు జరిగిన 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మనలో చాలామందికి గుర్తుంది. క్షతగాత్రులను ఒక్కసారిగా చుట్టుపక్కల ఆసుపత్రులకు మోసుకెళ్లారు. మామూలు రోజుకే చాలని సిబ్బందితో అలాంటి రాత్రిని ఎదుర్కోవడం ఎలాగో ఆలోచించండి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండిన స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌కు వెళ్తూ వస్తూ ఆ స్థలాన్ని చూస్తూనే ఉంటాం. ఐదుగురికొకరు అన్న తక్కువ ప్రమాణంతో చూసినా, సెలవుల అదనంతో కలిపి దానికి 260 మంది నర్సులు కావాలి. బోధనాసుపత్రి ప్రమాణమైతే 430 దాటుతుంది. ఐసీయూల లెక్క ఇందులో లేదు. ఓట్లకు వచ్చే నాయకులను మనం రోడ్లు, నాలాల గురించి అడుగుతాం. వీటి గురించి కూడా అడగండి: ఎందరు, పర్మనెంటా, ఏజెన్సీనా, రాత్రికి ఎందరు?

మా సహోదరికి ఇప్పటికీ నెలలో రెండు ఆదివారాలు నైట్ డ్యూటీ పడుతుంది. ఆ రోజుల్లో ఆమె సాయంత్రం ఆరాధనకు రావడానికి వీలుగా సమయం ఆరున్నర నుండి ఐదుకు మార్చాం. ఎనిమిదికి ఆమె వార్డులో ఉండాలి.