పెన్షన్ వస్తోంది కదా, ఇంకేం బాధ?

హోసూరు సిప్‌కాట్‌లో ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాసేపు నిలబడండి. బండి నంబరు రిజిస్టరులో రాసుకుని, మడమలు దగ్గరకు చేర్చి సెల్యూట్ కొట్టే సెక్యూరిటీ ఆయన మాజీ సైనికుడై ఉండొచ్చు. అలాంటివాళ్ల మానసిక ఆరోగ్యం కోసం, ఆత్మహత్యల నివారణ కోసం నడిచి చందాలు పోగుచేద్దామంటే మన ఊళ్లలో వినిపించే అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నడిచి చందాలడగడం అమెరికా ఫ్యాషన్.

అమెరికాలో ఆత్మహత్యల నివారణకు 2002లో రాత్రంతా 26 మైళ్లు నడిచిన మాట నిజమే. కానీ 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వంద ఎకరాలు దానంగా అందుకున్న వినోబా భావే, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊరూరా నడిచి భూమి అడిగారు. హోసూరు పక్కన తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1930లో తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యం దాకా ఉప్పు కోసం నడిచారు. ఆయన డబ్బు అడగలేదనుకోండి. పాదయాత్ర మాత్రం మనకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

అపోహ: నెలనెలా పెన్షన్ వస్తుంది, వాళ్లకేం లోటు?

అందరికీ రాదు. జవానుకు సర్వీసు పెన్షన్ రావాలంటే మామూలుగా 15 ఏళ్లు పనిచేసి ఉండాలి. 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ వైద్య పథకం కూడా ప్రధానంగా పెన్షన్ ఉన్నవాళ్లకే. 2022లో వచ్చిన అగ్నిపథ్ నియామక పథకం కింద చేరినవాళ్లలో నాలుగో వంతుకు మించి కొనసాగించరు. తక్కినవాళ్లు నాలుగేళ్లకే, చేతికొచ్చిన సేవా నిధితో, పెన్షన్ లేకుండా ఇంటిదారి పట్టాలి.

పోనీ, పెన్షన్ ఉన్నాయన సంగతేమిటి? నలభై దాటీ దాటకముందే రిటైరవుతాడు. యూనిట్‌లో ఉన్నన్నాళ్లూ ఏ గంటకు ఏం చేయాలో తెలుసు, పక్కన మనవాళ్లు ఉండేవారు. ఇంటికొస్తే పిల్లలు నాన్న లేకుండానే ఎదిగిపోయారు. ఇంటి లెక్కలన్నీ భార్య చేతిలో ఉన్నాయి. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములతో తగాదా. ఆయన ఏ విషయంలో తలదూర్చినా అదనపు మనిషిలాగే కనిపిస్తాడు. ఈ లోటు బ్యాంకు పాసుబుక్కులో కనపడదు.

అపోహ: యుద్ధం చూసినవాడికే మనసు చెదురుతుంది.

అమెరికా నడకల్లో, మాజీ సైనికుల్లో 'రోజుకు 22 మంది' ఆత్మహత్య చేసుకుంటున్నారన్న అంకె బాగా తిరిగింది. అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 2012 నివేదికలో కొన్ని రాష్ట్రాల సమాచారం మీద వేసిన అంచనా అది. అందులోని మృతుల్లో మూడింట రెండు వంతులకు పైగా యాభై దాటినవాళ్లే. అప్పుడే యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు కాదు. ఆ అంకెను తెచ్చి మన కృష్ణగిరి జిల్లాలో బ్యానరు మీద అచ్చువేయడం మాత్రం తప్పు. మన లెక్క అది కాదు.

అపోహ: చావు మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

పుట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహా ఈ రంగంలోని వాళ్లంతా చెప్పేది ఇదే. "మామా, బతకాలని లేదనిపిస్తోందా?" అని సూటిగా అడగొచ్చు. అడిగాక ఉపన్యాసం మొదలుపెట్టకుండా వినాలి. నడక వల్ల అసలు లాభం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే "అంతా బాగుంది" అనే మనిషి, రామనాయకన్ చెరువు గట్టు మీద పక్కపక్కన నడుస్తున్నప్పుడు, మీ ముఖం చూడక్కర్లేదు కాబట్టి, నిద్ర పట్టడం లేదన్న సంగతి బయటపెడతాడు. చందా తర్వాత సంగతి.

అపోహ: చావాలనుకున్నవాణ్ణి ఎవరూ ఆపలేరు.

ఆ ఆలోచన తీవ్రత చాలామందిలో కొద్దిసేపటిదే; ఆ కాసేపు ప్రాణాంతకమైనది చేతికి అందకుండా చూడటమే ముఖ్యం. శ్రీలంక ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్యల రేటు బాగా పడిపోయింది. మామిడి తోటలు, గులాబీ షెడ్లు ఉన్న మన జిల్లాలో మందు డబ్బాలను పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వేరొకరి దగ్గర పెట్టడం పైసా ఖర్చులేని పని. ఇక పోలీసు కేసు భయం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి తప్ప శిక్షించకూడదు.

అపోహ: రోజూ నడిస్తే దిగులు అదే పోతుంది.

నడక మంచిదే, వైద్యానికి బదులు మాత్రం కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉన్నది హోసూరు రోడ్డు మీదే. మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, భాష ఎంచుకోవచ్చు. సైనిక కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పుణే సాయుధ దళాల వైద్య కళాశాల(ఏఎఫ్ఎంసీ)లో దానికి ప్రత్యేక విభాగం పెట్టారు.

చందా ఎవరికివ్వాలన్న అనుమానం మాత్రం అపోహ కాదు, న్యాయమైనదే. 1949 నుంచి డిసెంబరు 7న జరుపుతున్న సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి ఇస్తే పన్ను మినహాయింపు ఉంటుంది. అయితే అది మాజీ సైనికుల అన్ని అవసరాలకూ కలిపి వాడే నిధి. మానసిక ఆరోగ్యానికే అని పేరుపెట్టి వసూలు చేస్తే, ఆ డబ్బు ఏ కౌన్సెలరు జీతానికి, ఎవరి బస్సు చార్జీకి వెళ్లిందో కాగితం మీద చూపించమనండి. లారీల జాతీయ రహదారి అంచున నడిపించే నిర్వాహకులు అనుమతి కాగితం కూడా చూపించాలి.