మగవారు చెప్పుకోని దిగులు

ప్రోస్టేట్ కేన్సర్ వచ్చిన సోదరుని శరీరానికి వైద్యం చేయిస్తాం. మరి ఆయన మనస్సు సంగతి?

టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ ఈ వ్యాధిని పెంచుతుందని డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించారు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నేటికీ చాలామందికి ఆ హార్మోనును తగ్గించే ఇంజెక్షన్లు ఇస్తున్నారు. వ్యాధి అణుగుతుంది. కాని ఒంట్లో వేడి ఆవిర్లు, నీరసం, నిద్రలేమి, దాంపత్య వాంఛ తగ్గడం, దిగులు రావచ్చు. ఆపరేషన్ తరువాత కొందరికి మూత్రం ఆగదు. ఆ సిగ్గుతో ఆరాధనకు రావడమే మానేస్తారు.

దీనిని పిరికితనమనీ, విశ్వాసం తగ్గిందనీ అనకండి. ఇది చికిత్స వల్ల కలిగిన బాధ కావచ్చు. దీనికీ సహాయం ఉంది. సోదరులారా, దాచకండి. భార్యను వెంటబెట్టుకొని వెళ్ళి డాక్టరుగారికి అన్నీ చెప్పండి. క్రమమైన వ్యాయామం నీరసాన్ని తగ్గిస్తుంది. మూత్రాన్ని అదుపు చేసే కండరాలకు ప్రత్యేక వ్యాయామాలున్నాయి. చనిపోవాలనే తలంపు వస్తే ఒక్క గంట కూడా ఆగకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

సంఘ పెద్దలారా, "బాగున్నారా?" అని అడిగి వెళ్ళిపోకండి. కూర్చోండి, వినండి.