ఉత్తరం వచ్చింది... ఇన్‌బాక్స్‌లో లేదు!

'మెయిల్ పంపించాం, చూసుకోండి' అంటారు అవతలివాళ్లు. ఎన్నిసార్లు తెరిచి చూసినా ఇన్‌బాక్స్‌లో దాని జాడే ఉండదు. ఇంటర్వ్యూ పిలుపో, విదేశీ యూనివర్సిటీలో సీటు కబురో అయితే ఇక ఇంటిల్లిపాదికీ ఆందోళనే. నిజానికి ఇలాంటి ఉత్తరాలు తరచూ ఇంటిదాకా వచ్చే ఉంటాయి. కాకపోతే వేరే గదిలో కూర్చుంటాయి. ఎక్కువమంది వాడే జీమెయిల్‌లో ఆ గదులేమిటో తెలిస్తే వెతకడం తేలికే. ఆలస్యం మాత్రం చేయకూడదు.

ముప్ఫై రోజులే గడువు

మొదట చూడాల్సింది స్పామ్ ఫోల్డర్. అందులో పడ్డవి 30 రోజులు దాటితే వాటంతటవే చెరిగిపోతాయి. ట్రాష్‌లోవీ అంతే. అడగని ప్రకటనల బెడద నిన్నమొన్నటిది కాదు. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థ్యూర్క్ అనే ఉద్యోగి తమ కంపెనీ కంప్యూటర్ల గురించి దాదాపు 400 మందికి ఒకేసారి సందేశం పంపాడు. తొలి స్పామ్‌గా దాన్నే చెబుతారు. అలాంటివాటిని ఆపడానికి పెట్టిన జల్లెడలో ఒక్కోసారి మంచి గింజలూ చిక్కుకుంటాయి. పంపినవారి సర్వర్‌కు ఎస్పీఎఫ్, డీకిమ్ లాంటి గుర్తింపు ఏర్పాట్లు సరిగా లేకపోతే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఉత్తరం అక్కడ దొరికితే 'నాట్ స్పామ్' నొక్కి, పంపినవారి చిరునామాను కాంటాక్ట్స్‌లో చేర్చుకోవాలి.

పక్క గదుల్లోనూ చూడండి

2013 నుంచి జీమెయిల్ ఉత్తరాలను ప్రమోషన్స్, సోషల్, అప్‌డేట్స్ అంటూ విడదీసి పెడుతోంది. కాలేజీల ఉత్తరాలు కూడా ఆ వరసల్లోకి వెళ్లొచ్చు. పొరపాటున ఆర్కైవ్ నొక్కి ఉంటే 'ఆల్ మెయిల్'లో ఉంటుంది. అన్నీ ఒకేసారి వెతకాలంటే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, సెర్చ్ ఆప్షన్లలో 'మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్' ఎంచుకుని పంపినవారి పేరు కొడితే సరి. కంప్యూటర్‌లో కనిపించి ఫోన్‌లో కనిపించకపోతే ఫోన్‌లో సింక్ ఆగిపోయిందేమో చూడాలి.

పెట్టె నిండిపోతే...

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటు ఒక్క ఉత్తరాలకే కాదు, డ్రైవ్‌కూ ఫొటోలకూ కలిపి. 2021 జూన్ నుంచి కొత్తగా దాచే ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. పెళ్లి వీడియోలతో ఆ చోటు నిండిపోతే కొత్త ఉత్తరాలు తలుపు దగ్గర్నుంచే తిరిగి వెళ్లిపోతాయి. అలా వెళ్లినవి ఏ ఫోల్డర్‌లోనూ దొరకవు. అనవసరమైన వీడియోలు తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేశాక మళ్లీ పంపమని అడగాల్సిందే.

దొంగ చేయి ఉందేమో!

సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ అనే రెండు చోట్లా తప్పక చూడాలి. ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన ఫిల్టరే కొన్ని ఉత్తరాలను చెత్తబుట్టలో వేస్తుండవచ్చు. ఖాతాలోకి చొరబడ్డ మోసగాళ్లు బ్యాంకు హెచ్చరికలు మీ కంట పడకుండా ఇక్కడే ఏర్పాటు చేసుకుంటారు. మీకు తెలియని చిరునామా కనిపిస్తే వెంటనే తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవాలి.

అన్నీ చూసినా దొరకలేదా? అయితే పంపినవారికి ఫోన్ చేయాలి. దరఖాస్తులో మీ చిరునామా ఎలా ఉందో అక్షరం అక్షరం చదవమనండి. జీమెయిల్‌లో పేరు మధ్య చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే గానీ, ఒక్క అక్షరం మారినా అది వేరే ఇంటి తలుపే. 'మెయిలర్ డెమన్' పేరుతో తిరుగుటపా వచ్చిందేమో కూడా చూడమనండి. కారణం అందులోనే రాసి ఉంటుంది.

చివరి తేదీలున్న వ్యవహారమైతే కబురు కోసం కాచుకుని కూర్చోవద్దు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచే వారానికోసారి స్పామ్ తిరగేయడం అలవాటు చేసుకోండి. రెండు నిమిషాల పనే అయినా, నెల దాటితే ఎంత వెతికినా ఫలితముండదు.