అమ్మ మోకాళ్ళు, ఒక కుర్చీ, ముప్ఫై సెకన్లు

"కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను" అని మా అమ్మ అన్నప్పుడల్లా మేము నవ్వేసేవాళ్ళం. రెండేళ్ళ క్రితం హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడిలో ఒక్క ప్రదక్షిణ పూర్తికాకముందే అమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది. "మీరు కానివ్వండమ్మా, నేనిక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుంటాను" అంది. ఆ రోజు మాకు నవ్వు రాలేదు.

అమ్మకప్పుడు 66 ఏళ్ళు. విజయవాడలో కూరగాయలకైనా, గుడికైనా నడిచే వెళ్ళేది. సిడ్నీ వచ్చాక గుమ్మం దాటితే కారే! నొప్పని నడక మానేసింది. నడక లేక బరువు పెరిగింది. బరువుతో నొప్పి ఇంకా పెరిగింది. అచ్చం గానుగెద్దు తిరుగుడే.

డాక్టరు గారు చూసి ఆస్టియో ఆర్థరైటిస్ అన్నారు. ఆయన చెప్పిన ఒక లెక్క నన్ను ఆలోచింపజేసింది. ఒక కిలో బరువు తగ్గితే, నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట! అమెరికాలో 2005లో వెలువడిన పరిశోధన తేల్చిన సంగతి ఇది. ఇంకొక మాట. బి.ఎం.ఐ. 25 దాటితే అధిక బరువని అందరూ అంటారు కానీ, మన ఆసియా వాళ్ళం 23 దాటినప్పుడే జాగ్రత్త పడాలి.

వ్యాయామం అనగానే అమ్మ గొడవ పెట్టింది. "అరిగిపోయిన మోకాళ్ళను ఇంకా అరగదీయమంటారేమిటే?" మన ఇళ్ళలో పెద్దలందరి భయమూ ఇదే కదా! "నొప్పి వచ్చినంత మాత్రాన కీలు దెబ్బతింటున్నట్టు కాదు. కండ బలపడితే కీలుకు ఆసరా" అని ఫిజియోథెరపిస్టు ఓపికగా చెప్పింది, నేను తెలుగులో వినిపించాను. 2013లో డెన్మార్క్‌లో పుట్టి, 2016లో లాట్రోబ్ విశ్వవిద్యాలయం ద్వారా ఆస్ట్రేలియాకు వచ్చిన 'గ్లాడ్' కార్యక్రమంలో అమ్మను చేర్పించాం. రెండు అవగాహన తరగతులు, పన్నెండు వ్యాయామ తరగతులు.

మొదటి రోజు పరీక్ష ఏమిటో తెలుసా? చేతులు గుండెకు ఆనించుకుని, ముప్ఫై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూడటం. అమ్మ ఆరుసార్లు లేచింది. ఆ వయసు ఆడవాళ్ళు పదకొండుకు తగ్గితే పడిపోయే ప్రమాదం గురించి ఆలోచించాలట.

ఇంట్లో లెక్కపెట్టే ఉద్యోగం మా ఎనిమిదేళ్ళ పాపది. అమ్మమ్మ షరతు ఒక్కటే: లెక్క తెలుగులోనే! పాపకు పది దాటితే రాదు. అందుకని అమ్మమ్మ పదకొండోసారి లేవాలంటే మనవరాలు 'పదకొండు' నేర్చుకోవాలి.

భోజనంలో అన్నం మానలేదు, తగ్గించాం. పప్పు, కూర, పెరుగు పెంచాం. పెద్దవాళ్ళు కేవలం కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. 454 మందితో 2013లో వచ్చిన అధ్యయనంలోనూ ఆహార నియమం, వ్యాయామం రెండూ కలిపి చేసినవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది.

ఎనిమిది నెలల్లో అమ్మ నాలుగు కిలోలు తగ్గింది. అంటే అడుగుకు పదహారు కిలోల భారం తగ్గినట్టే! నొప్పి పూర్తిగా పోలేదు, చలికాలంలో ఇంకా మూలుగుతుంది. కానీ మొన్న హెలెన్స్‌బర్గ్‌లో మూడు ప్రదక్షిణలూ పూర్తి చేసింది. పక్కనే పాప లెక్కపెడుతూ నడిచింది.

మీ అమ్మానాన్నలకు మెడికేర్ ఉంటే, ఫిజియో దగ్గరికి వెళ్ళడానికి రాయితీ వస్తుందేమో మీ జి.పి.ని అడగండి. విజిటర్ వీసా మీద వచ్చినవారైతే ఇన్స్యూరెన్స్ కాగితాలు చూసుకోండి. డాక్టరు సరేనన్నాక, ఒక గట్టి కుర్చీ గోడకు ఆనించి వేయండి. లెక్కపెట్టే పని మాత్రం పిల్లలకే వదిలేయండి, తెలుగులో!